తిరస్కరణ తర్వాత: అమెరికాలో వైకల్య భత్యాల అప్పీళ్ల చరిత్ర (1935–1986)

సంక్షేమ రాజ్య చరిత్రను మనం సాధారణంగా చట్టాలు వచ్చిన సంవత్సరాలతో గుర్తుపెట్టుకుంటాం. ఫలానా ఏడాది వృద్ధాప్య పింఛను వచ్చింది, ఫలానా ఏడాది నిరుద్యోగ బీమా వచ్చింది అని రాస్తే పరీక్షలో మార్కులు పడతాయి. అయితే చట్టం ఇచ్చిన హక్కు ఒక మనిషికి అందేది ఒక కాగితం రూపంలో. ఆ కాగితం మీద ‘మీరు అర్హులు కారు’ అని ఉంటే ఏం చేయాలి? ఎవరిని అడగాలి? ఎన్ని రోజుల్లో అడగాలి? జవాబు వచ్చేదాకా ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి? ఈ ప్రశ్నలకూ ఒక చరిత్ర ఉంది. అమెరికాలో పని చేయలేని స్థితికి వచ్చిన కార్మికులకు ఇచ్చే వైకల్య భత్యాన్ని ఉదాహరణగా తీసుకొని ఆ చరిత్రను ఇక్కడ చదువుదాం.

అమెరికా సంగతి మనకెందుకని కాంటాక్ట్ క్లాసుల్లో ఎవరో ఒకరు తప్పక అడిగేవారు. అడిగినవారిలోనే ఇంట్లో ఎవరికో సదరం సర్టిఫికెట్ కోసం ఎదురుచూస్తున్నవారు ఉండేవారు. అందుకే పాఠం మధ్యలో మన దేశపు సంగతులు కూడా ఒకటి రెండు వస్తాయి. ఒక్క మాట గుర్తుంచుకొని ముందుకు వెళ్లండి: అప్పీలు అనగానే ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అన్నదే మనకు తోస్తుంది. ఆ తేల్చే కాలంలో కష్టం ఎవరి మీద పడుతుందన్న ప్రశ్న వెనకబడిపోతుంది. ఈ పాఠానికి అదే ముఖ్యం.

1935లో లేనిది, 1956లో వచ్చింది

1935 ఆగస్టు 14న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన సామాజిక భద్రతా చట్టంలో వృద్ధాప్య పింఛను ఉంది, నిరుద్యోగ బీమా ఉంది, అంధులకు సహాయం ఉంది. పని చేస్తూ ఉండగా ఆరోగ్యం చెడి మధ్యలోనే ఆగిపోయిన కార్మికునికి మాత్రం బీమా లేదు. ఇది మరచిపోయి వదిలేసిన విషయం కాదు. ఆర్థిక మాంద్యంలో వైకల్య పాలసీలు అమ్మిన ప్రైవేటు బీమా కంపెనీలు బాగా నష్టపోయాయి. ఉద్యోగం పోయిన ప్రతివాడూ తనకు రోగం ఉందంటాడన్న భయం విధాన నిర్ణేతల్లో పాతుకుపోయింది. వృద్ధాప్యాన్ని నిరూపించడానికి పుట్టిన తేదీ చాలు. వైకల్యం విషయంలో ఎవరో ఒకరు పరీక్షించి తీర్పు చెప్పాలి. ఆ పని డాక్టర్ల మీద పడుతుంది. ఇది ప్రభుత్వ వైద్యానికి తొలి మెట్టు అవుతుందని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ గట్టిగా వ్యతిరేకించింది.

1954లో ఒక చిన్న అడుగు పడింది. పని చేయలేకపోయిన సంవత్సరాల వల్ల వృద్ధాప్య పింఛను తగ్గిపోకుండా ఆ సంవత్సరాలను లెక్క నుంచి తప్పించారు. నగదు ఏమీ ఇవ్వలేదు. నగదు భత్యం ప్రతిపాదన 1956లో సెనేట్‌లో 47–45 ఓట్లతో గట్టెక్కింది. ఒక్క ఓటు అటు నుంచి ఇటు వచ్చి ఉంటే సమానమయ్యేంత దగ్గరి పోటీ అది. అయిష్టంగానే అయినా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1956 ఆగస్టు 1న సంతకం చేశాడు. 50 నుంచి 64 ఏళ్ల వయసు వారికే భత్యం, అదీ ఆరు నెలలు వేచి ఉన్న తర్వాత. 50 ఏళ్ల నిబంధనను 1960లో తీసేశారు.

వ్యతిరేకులను శాంతింపజేయడానికి చేసుకున్న ఒక రాజీని ఇక్కడ ప్రత్యేకంగా గమనించండి. డబ్బు కేంద్ర ప్రభుత్వానిది, అర్హతను మొదట తేల్చే పని రాష్ట్ర ప్రభుత్వ సంస్థలది. 1956లో ఇది చిన్న పరిపాలనా సర్దుబాటు. పాతికేళ్ల తర్వాత రాష్ట్రాలు కేంద్రానికి ఎదురు తిరగడానికి ఇదే ఆయుధమైంది.

నిర్వచనం సంగతి కూడా చూడండి. అమెరికా చట్టంలో వైకల్యం అంటే శరీరంలో గానీ మనసులో గానీ ఉన్న లోపం వల్ల చెప్పుకోదగ్గ సంపాదన ఇచ్చే ఏ పనీ చేయలేకపోవడం. 1965లో అది కనీసం 12 నెలలు ఉండాలన్నారు. 1967లో ఇంకా బిగించారు. ఆ మనిషి చేయగల పని దేశంలో ఎక్కడో ఒకచోట తగినంతగా ఉంటే చాలు, అది అతని ఊళ్లో దొరుకుతుందా, అడిగితే ఎవరైనా ఇస్తారా అన్నది చూడనక్కర్లేదన్నారు. మన దేశంలో కొలత వేరు. ఇక్కడ శాతం చూస్తారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం చాలా ప్రయోజనాలకు 40 శాతం గీటురాయి. 2009లో మొదలైన ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛనుకు 80 శాతం కావాలి. ఏ కొలత మంచిదని అడిగితే నా సమాధానం ఇది: శాతం పద్ధతిలో గొడవ తక్కువ, న్యాయం కూడా తక్కువే కావచ్చు. మోకాలి లోపం శాతం ఒకటే అయినా గుమాస్తాకూ తాపీమేస్త్రీకీ దాని అర్థం ఒకటి కాదు. అమెరికా పద్ధతి ఆ తేడాను చూడబోతుంది. చూడబోతుంది కాబట్టే ప్రతి కేసులోనూ వాదనకు చోటుంటుంది, అప్పీళ్లు పెరుగుతాయి.

మెట్లు

అప్పీలు ఏర్పాటు వైకల్య భత్యం కన్నా పాతది. 1939 సవరణలు విచారణ హక్కునూ, కోర్టుకు వెళ్లే హక్కునూ స్పష్టం చేశాయి. 1940లో అప్పీళ్ల మండలి ఏర్పడింది. అప్పటికి తగాదాలు చిన్నవి: వయసెంత, జీతమెంత, ఈమె ఆయన భార్యేనా. 1956 తర్వాత అదే యంత్రాంగం మీద నడుము నొప్పి, గుండె జబ్బు, మనోవ్యాధి కేసులు వచ్చి పడ్డాయి.

ఆ యంత్రాంగం ఇలా నడుస్తుంది. రాష్ట్ర సంస్థలో ఒక అధికారి, ఒక డాక్టరు కలిసి ఫైలు చూసి నిర్ణయిస్తారు. కాదంటే దరఖాస్తుదారు పునఃపరిశీలన కోరవచ్చు. అదే సంస్థలో మరొకరు మళ్లీ ఫైలు చూస్తారు. అక్కడా కాదంటే పరిపాలనా న్యాయమూర్తి ముందు విచారణ. పూర్వం ఈయనను రెఫరీ అనేవారు, ప్రస్తుత పేరు 1972లో వచ్చింది. ఆపైన అప్పీళ్ల మండలి, చివరికి ఫెడరల్ జిల్లా కోర్టు. ప్రతి మెట్టు దగ్గరా గడువు 60 రోజులు. చాలాకాలం ఈ నిచ్చెనలో మొదటి రెండు మెట్ల దగ్గర నిర్ణయం చేసేవారు ఆ మనిషి ముఖం చూడలేదు. నడుము వంచలేనన్నవాడు కుర్చీలో ఎలా కూర్చుంటున్నాడో, మందుల మత్తులో మాట ఎలా తడబడుతోందో మొదటిసారి కనిపించేది మూడో మెట్టులోనే. కింద కాదన్న కేసుల్లో చాలా భాగం పైన ఔనని తేలడానికి ఇదొక ముఖ్య కారణం. తాజా వైద్య నివేదికలు చేరడం, అప్పటికి జబ్బు ముదరడం, పక్కన న్యాయవాది ఉండడం మిగతావి.

పరిపాలనా న్యాయమూర్తి విచారణ మన కోర్టుల్లో చూసే వ్యవహారం లాంటిది కాదు. ప్రభుత్వం తరఫున వాదించే వకీలు ఉండడు. న్యాయమూర్తే ప్రభుత్వం తరఫు ప్రశ్నలు అడగాలి, వకీలు లేని దరఖాస్తుదారు తరఫు సాక్ష్యాలూ వెతకాలి, ఆపైన తీర్పూ చెప్పాలి. ఒకే తల మీద మూడు టోపీలు. వినడానికి విచిత్రంగా ఉన్నా, బీదవాడికి ఇది ఒక్కోసారి మేలే చేసింది.

రెండు కేసులు ఈ విచారణ స్వరూపాన్ని మార్చాయి. 1960లో కెర్నర్ కేసులో జడ్జి హెన్రీ ఫ్రెండ్లీ రెండు ప్రశ్నలు వేశాడు: ఈ మనిషి ఏం చేయగలడు? అంత మాత్రమే చేయగలిగినవాడికి ఏ ఉద్యోగాలున్నాయి? రెండో ప్రశ్నకు ప్రభుత్వం దగ్గర జవాబు లేదు. ఆ తర్వాతే విచారణల్లో ఉద్యోగాల నిపుణులను సాక్షులుగా పిలవడం పెరిగింది. రెండోది 1971 నాటి పెరాలెస్ కేసు. టెక్సాస్ రాష్ట్రంలో శాన్ ఆంటోనియోకు చెందిన ఒక లారీ డ్రైవరు 1965లో బరువెత్తుతూ నడుముకు దెబ్బ తగిలించుకున్నాడు. అతన్ని పరీక్షించి అతనికి వ్యతిరేకంగా నివేదికలిచ్చిన డాక్టర్లు విచారణకు రాలేదు, వారి రాతపూర్వక నివేదికలు మాత్రమే వచ్చాయి. ఎదుట నిలబడని సాక్షి మాట చెల్లుతుందా? చెల్లుతుందని సుప్రీంకోర్టు తేల్చింది. డాక్టర్లను పిలిపించమని సమన్లు అడిగే హక్కు అతనికి ఉంది, అతను అడగలేదు అని కూడా చెప్పింది. హక్కు ఉందని తెలియనివాడు దాన్ని ఎలా వాడుకుంటాడు? తీర్పులో ఈ ప్రశ్నకు దక్కిన చోటు తక్కువని నా అభిప్రాయం.

ముందు విచారణా, ముందు కోతా?

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఇప్పటికే భత్యం పొందుతున్న వ్యక్తిది ఆపేయాలని ప్రభుత్వం అనుకుంటే, ముందు విచారణ జరిపి తర్వాత ఆపాలా, ముందు ఆపి తర్వాత విచారించవచ్చా?

అమెరికా రాజ్యాంగం ప్రకారం న్యాయ ప్రక్రియ జరపకుండా ఎవరి ప్రాణాన్నీ, స్వేచ్ఛనూ, ఆస్తినీ ప్రభుత్వం తీసుకోరాదు. దీన్ని ‘డ్యూ ప్రాసెస్’ అంటారు. మన రాజ్యాంగంలోని 21వ అధికరణ రాసినప్పుడు ఈ మాటను కావాలనే వదిలేసి ‘చట్టం నిర్దేశించిన పద్ధతి’ అన్న మాట పెట్టుకున్నారని, 1978లో మేనకా గాంధీ కేసులో మన సుప్రీంకోర్టు ఆ పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండాలని చెప్పిందని రాజనీతిశాస్త్రం చదివినవారికి తెలుసు. అమెరికాలో 1970కి ముందు ప్రభుత్వ సహాయం ఆస్తి కాదు, దయ అనే భావనే బలంగా ఉండేది. దయతో ఇచ్చింది ఎప్పుడైనా ఆపవచ్చు కదా. 1970 మార్చి 23న గోల్డ్‌బర్గ్ వర్సెస్ కెల్లీ కేసులో సుప్రీంకోర్టు ఆ భావనను పక్కన పెట్టింది. న్యూయార్క్ నగరంలో పేదలకిచ్చే సహాయం ఆపే ముందు వారి మాట నేరుగా వినాలని జస్టిస్ బ్రెనన్ తీర్పు రాశాడు. ఆ సహాయం ఆగితే ఆ కుటుంబానికి మరుసటి రోజు తిండి ఉండదు, అలాంటి స్థితిలో అప్పీలు చేసుకునే ఓపిక కూడా ఉండదు అన్నది దాని సారం.

ఆ సూత్రం వైకల్య భత్యానికీ వర్తిస్తుందా? జార్జ్ ఎల్‌డ్రిడ్జ్ కేసు ఈ ప్రశ్నను తేల్చింది. వర్జీనియాకు చెందిన ఈయనకు 1968 జూన్‌లో భత్యం మంజూరైంది. 1972 మార్చిలో రాష్ట్ర సంస్థ నుంచి ఒక ప్రశ్నపత్రం వచ్చింది. నా పరిస్థితి మెరుగుపడలేదని రాసి, తనకు చికిత్స చేస్తున్నవారి పేర్లిచ్చాడు. సంస్థ ఆయన డాక్టరు నుంచి, ఒక మానసిక వైద్యుని నుంచి నివేదికలు తెప్పించుకొని, మే నెలతో మీ వైకల్యం ముగిసిందనుకుంటున్నాం, ఏమంటారు అని ఉత్తరం రాసింది. తన జబ్బు గురించి రాసిన ఒక విషయం తప్పని, కావలసిన ఆధారాలు మీ దగ్గరే ఉన్నాయని ఆయన బదులిచ్చాడు. జులైలో భత్యం ఆగిపోయింది. ఆయన పునఃపరిశీలన మెట్టు ఎక్కకుండా నేరుగా కోర్టుకు వెళ్లాడు. జిల్లా కోర్టు, దానిపై కోర్టు కూడా గోల్డ్‌బర్గ్ తీర్పు ప్రకారం ఆయన పక్షాన నిలిచాయి.

1976 ఫిబ్రవరి 24న సుప్రీంకోర్టు 6–2తో ఆ తీర్పులను కొట్టేసింది. జస్టిస్ పావెల్ రాసిన ఆ తీర్పు ఇవాళ్టికీ అమెరికా పరిపాలనా చట్టానికి పునాది. ఎంత విచారణ అవసరమో తేల్చడానికి మూడింటిని తూచాలన్నాడు: వ్యక్తికి పోయేది ఎంత, ప్రస్తుత పద్ధతిలో తప్పు జరిగే అవకాశం ఎంత, అదనపు విచారణ వల్ల ప్రభుత్వంపై పడే భారం ఎంత. వైకల్య భత్యం పేదరికాన్ని చూసి ఇచ్చేది కాదు కాబట్టి అది ఆగినా గోల్డ్‌బర్గ్ కేసులోని పేదలంత నష్టం ఉండకపోవచ్చన్నాడు. వైకల్య నిర్ణయం డాక్టర్ల నివేదికల మీద నడుస్తుంది కాబట్టి ఎదురుగా కూర్చోబెట్టి వినకపోయినా తప్పులు తక్కువే ఉంటాయన్నాడు. చివరికి గెలిస్తే బకాయి మొత్తం వస్తుంది కదా అన్నాడు. విచారణ ముగిసేసరికి ఏడాది దాటవచ్చని ఆ తీర్పే ఒప్పుకుంది.

బ్రెనన్ విడిగా కొద్ది మాటల అసమ్మతి రాశాడు, జస్టిస్ మార్షల్ ఆయనతో చేరాడు. ఎల్‌డ్రిడ్జ్ కుటుంబానికి నష్టం ఊహ కాదని ఆయన గుర్తుచేశాడు. భత్యం ఆగాక అప్పు కింద ఇల్లు పోయింది, ఇంట్లోని సామాను వాయిదాలవాళ్లు తీసుకెళ్లారు, కుటుంబమంతా ఒకే మంచం మీద పడుకోవలసి వచ్చింది. మూడింటిని తూచే త్రాసులో ఆ మంచం ఎక్కడ పెట్టారో తీర్పు మొత్తం చదివి మీరే వెతకండి.

చరిత్ర విద్యార్థులుగా మీరు తప్పక చూడవలసిన మరో విషయం ఆ తీర్పులో ఉంది. నిర్ణయాలు ఎంత తరచుగా తారుమారవుతున్నాయి అన్నదానికి రెండు పక్షాలూ ఒకే రికార్డుల నుంచి అంకెలు తెచ్చాయి. పునఃపరిశీలనలో ఓడి పైకి వెళ్లినవారిని మాత్రమే లెక్కిస్తే 58.6 శాతం కేసుల్లో నిర్ణయం మారింది. మొత్తం కేసుల మీద లెక్కిస్తే 3.3 శాతమే. రెండూ నిజమే. అప్పీలు చేయనివారిని సంతృప్తి చెందినవారిగా లెక్కిస్తే యంత్రాంగం అద్భుతంగా పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. దారి తెలియకో, అలసిపోయో ఊరుకున్నవారిగా చూస్తే చిత్రం మారిపోతుంది. ఒక శాతం కనిపించినప్పుడు ‘ఎందులో శాతం?’ అని అడగడం చరిత్రకారుడి మొదటి అలవాటు కావాలి.

1981: అందరికీ ఒకేసారి

1970లలో భత్యం పొందేవారి సంఖ్య బాగా పెరిగింది. ఒకసారి మంజూరయ్యాక మళ్లీ చూడడం లేదన్న విమర్శ వచ్చింది. ఆ విమర్శలో న్యాయం ఉంది. కోలుకున్నవారికి కూడా ఏళ్ల తరబడి డబ్బు వెళ్తే ఆ నిధికి చందా కట్టే కార్మికులకే నష్టం. 1980 జూన్‌లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన సవరణలు, శాశ్వత వైకల్యం ఉన్నవారు తప్ప మిగతావారి పరిస్థితిని కనీసం మూడేళ్లకోసారి సమీక్షించాలన్నాయి. ఇది 1982 జనవరిలో మొదలు కావాలి. భత్యం పొందేవారిలో 20 శాతం దాకా అనర్హులు ఉండవచ్చని, దానివల్ల ఏటా 200 కోట్ల డాలర్లు పోతున్నాయని ప్రభుత్వ ఆడిట్ సంస్థ అంచనా వేసింది. రీగన్ ప్రభుత్వం గడువు దాకా ఆగలేదు. 1981 మార్చిలోనే సమీక్షలు మొదలుపెట్టింది.

అప్పుడు జరిగింది ఇది. జబ్బు మెరుగుపడిందా అని అడగలేదు. ఈ మనిషి ఇవాళ కొత్తగా దరఖాస్తు పెట్టుకుంటే ఇవాళ్టి కఠినమైన ప్రమాణం ప్రకారం ఇస్తామా అని చూశారు. పదేళ్ల కింద మంజూరైనప్పటి స్థితిలోనే ఉన్న మనిషికి కూడా ‘మీరు పని చేయగలరు’ అని ఉత్తరం వెళ్లింది. 1981–84 మధ్య దాదాపు 5 లక్షల మందికి అలాంటి ఉత్తరాలు అందాయి. వారిలో సుమారు 2 లక్షల మంది అప్పీళ్లలో గెలిచి తిరిగి పొందారు. మనోవ్యాధులతో బాధపడేవారికి దెబ్బ ఎక్కువ తగిలింది. ఉత్తరం విప్పడానికే భయపడే మనిషి 60 రోజుల్లో అప్పీలు పెట్టాలంటే ఎలా? ఎల్‌డ్రిడ్జ్ తీర్పు పుణ్యాన అప్పీలు నడిచే కాలమంతా భత్యం ఆగిపోయేది.

రాయ్ బెనవిడెజ్ పేరు ఈ సందర్భంలో చెప్పుకోవాలి. వియత్నాం యుద్ధంలో ఒళ్లంతా గాయాలతోనే తోటి సైనికులను కాపాడిన ఈయనకు రీగన్ స్వయంగా దేశపు అత్యున్నత సైనిక పతకం అందజేశాడు. ఆ తేదీ 1981 ఫిబ్రవరి 24, ఎల్‌డ్రిడ్జ్ తీర్పు వచ్చి సరిగ్గా అయిదేళ్లు. రెండేళ్లు తిరిగేసరికి ఆ వీరుడి వైకల్య భత్యమే ఆపబోతున్నామని ఉత్తరం వచ్చింది. 1983లో ఆయన ప్రతినిధుల సభ కమిటీ ముందు, తన కోసమే కాక తనలాంటి వేలమంది కోసం మాట్లాడుతున్నానని చెప్పుకున్నాడు. పత్రికలు పట్టించుకున్నది అప్పుడే. పతకం లేని లారీ డ్రైవర్లు, కుట్టుమిషను కార్మికులు రెండేళ్లుగా అదే మాట చెబుతున్నారు.

ఒత్తిడి న్యాయమూర్తుల మీదా పడింది. ఎక్కువమందికి భత్యం మంజూరు చేస్తున్న పరిపాలనా న్యాయమూర్తుల నిర్ణయాలను ఏరి మరీ సమీక్షించడం మొదలైంది. తక్కువ మంజూరు చేసేవారి జోలికి అంతగా పోలేదు. న్యాయమూర్తుల సంఘం తన సొంత శాఖ మీదే కోర్టుకెక్కింది. నిష్పక్షపాతంగా ఉండవలసినవారి మీద ఇలాంటి వాతావరణం ప్రభావం చూపగలదని 1984లో వాషింగ్టన్ జిల్లా కోర్టు వ్యాఖ్యానించింది. అప్పటికే ఆ పద్ధతి మారిందంటూ ఉత్తర్వు మాత్రం ఇవ్వలేదు.

ఇంతకన్నా తీవ్రమైనది మరొకటి. మెరుగుదల చూపకుండా భత్యం ఆపవద్దని పశ్చిమ రాష్ట్రాలపై అధికారం ఉన్న తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు చెప్పింది. ఈ తీర్పు ఆ కేసులో ఉన్నవారికే, మిగతావారికి వర్తింపజేయం అంది శాఖ. అంటే ప్రతి ఒక్కరూ విడివిడిగా కోర్టు దాకా వెళ్లి గెలవాలి. ఆ కోర్టు జడ్జి ఒకాయన దీన్ని అంతర్యుద్ధానికి ముందు దక్షిణాది రాష్ట్రాలు చెప్పిన ‘చట్టాన్ని చెల్లనివ్వం’ సిద్ధాంతంతో పోల్చాడు. ఆ వివాదం గురించి మీరు అమెరికా చరిత్రలో చదివే ఉంటారు. అప్పుడు కేంద్ర చట్టాన్ని రాష్ట్రాలు కాదన్నాయి. ఇప్పుడు కోర్టు మాటను కేంద్ర శాఖే కాదంది.

రాష్ట్రాలూ ఊరుకోలేదు. 1956 రాజీ గుర్తుందా? నిర్ణయం చేసేది రాష్ట్ర సంస్థలే. 1984 నాటికి సగానికి పైగా రాష్ట్రాలు, కొన్ని సొంతంగా, కొన్ని కోర్టు ఉత్తర్వుల కింద, ఈ కోతలను ఆపేశాయి లేదా తమ సొంత ప్రమాణం పెట్టుకున్నాయి. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆరోగ్య శాఖ మంత్రి మార్గరెట్ హెక్లర్ దేశమంతటా సమీక్షలను నిలిపివేయక తప్పలేదు. అక్టోబరు 9న రీగన్ సంతకంతో సంస్కరణ చట్టం వచ్చింది. ప్రతినిధుల సభలో 402–0, సెనేట్‌లో 99–0. 1956లో రెండు ఓట్ల తేడాతో పుట్టిన భత్యానికి ఇప్పుడు ఒక్క వ్యతిరేక ఓటు లేదు. వైద్యపరంగా మెరుగుదల ఉందని ఆధారం చూపితే తప్ప భత్యం ఆపరాదని, చిన్నచిన్న జబ్బులు అనేకం ఉంటే వాటిని కలిపి చూడాలని, మనోవ్యాధుల ప్రమాణాలను తిరగరాయాలని ఆ చట్టం చెప్పింది.

అంతకంటే ముందు, 1983 జనవరిలో వచ్చిన ఒక చిన్న చట్టాన్ని పుస్తకాలు సాధారణంగా దాటేస్తాయి. నా దృష్టిలో ఈ చరిత్రకు మలుపు అదే. సమీక్షలో భత్యం ఆగినవారు కోరుకుంటే పరిపాలనా న్యాయమూర్తి తీర్పు వచ్చేదాకా చెల్లింపు కొనసాగాలని, పునఃపరిశీలన దశలోనే ఎదురుగా కూర్చుని చెప్పుకునే అవకాశం ఉండాలని అది చెప్పింది. మొదట తాత్కాలికంగా పెట్టి, తర్వాత పొడిగిస్తూ వచ్చారు. ఎల్‌డ్రిడ్జ్ సుప్రీంకోర్టులో అడిగి పొందలేకపోయింది ఇదే. రాజ్యాంగం పేరుతో దొరకనిది, వేలకొద్దీ అప్పీళ్ల ఒత్తిడితో శాసనం ద్వారా దొరికింది. దీనికి పరిమితులున్నాయి. ఓడిపోతే మధ్యకాలంలో తీసుకున్నది తిరిగి అడగవచ్చు, మాఫీ కోరే వీలుంది. అప్పీలుకు 60 రోజులున్నా, చెల్లింపు కొనసాగాలంటే 10 రోజుల్లో అడగాలి. కొత్తగా దరఖాస్తు పెట్టి తిరస్కరణకు గురైనవారికి ఈ రక్షణ లేదు, వారి నిరీక్షణ పాతదే.

మన 2016 చట్టంలో 59వ సెక్షను వైకల్య ధ్రువపత్రం విషయంలో అప్పీలు హక్కు ఇచ్చింది. 2017 నిబంధనల ప్రకారం గడువు 90 రోజులు. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలి. ఆ రాతపూర్వక కారణాన్ని అడిగి తీసుకోండి, ఇంట్లోవాళ్లతో తీసుకొనిపించండి. కారణం తెలియనిదే అప్పీలులో దేన్ని ఖండించాలో తెలియదు. ఎంత ముఖ్యమో న్యూయార్క్ కేసు చెబుతుంది.

న్యూయార్క్ కేసు

1983 ఫిబ్రవరిలో న్యూయార్క్ నగరం, న్యూయార్క్ రాష్ట్రం కలిసి, కొందరు మనోవ్యాధి పీడితులతో పాటు కేంద్ర శాఖ మీద దావా వేశాయి. భత్యం ఆగిన మనిషి చివరికి నగరపు ఆశ్రయాలకూ ఆసుపత్రులకూ చేరతాడు, ఆ ఖర్చు నగరానిదే కాబట్టి నగరానికీ ఇందులో స్వార్థం ఉంది. విచారణలో ఒక విషయం బయటపడింది. మనోవ్యాధి జాబితాలోని తీవ్రతకు సరిపోలని వ్యక్తి నైపుణ్యం అక్కర్లేని పని ఏదో ఒకటి చేయగలడని ముందే అనుకోవాలన్న లోపలి విధానం నడుస్తోంది. అది ఏ నిబంధనల్లోనూ ప్రచురించలేదు. ఒక్కొక్కరికి విడిగా వచ్చిన తిరస్కరణ ఉత్తరం చూసి అందరికీ ఒకే తూకం వేశారని కనిపెట్టడం ఎవరి వల్లా కాదు.

ప్రభుత్వం వాదన సూటిగా ఉంది: ఈ దావాలో ఉన్న వేలమందిలో చాలామంది 60 రోజుల్లో అప్పీలు చేయలేదు, కొందరు మెట్లన్నీ ఎక్కలేదు, కాబట్టి వారికి హక్కు లేదు. 1986 జూన్ 2న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా దాన్ని తోసిపుచ్చింది. ప్రభుత్వమే విధానాన్ని దాచిపెట్టినప్పుడు గడువు లెక్క ఆగిపోతుందంది. ఈ జబ్బున్నవారిని మళ్లీ మెట్లన్నీ ఎక్కమంటే ఆ శ్రమకే వారి ఆరోగ్యం మరింత చెడవచ్చని, తర్వాత ఇచ్చే బకాయి ఆ హానిని పూడ్చలేదని కూడా రాసింది.

ఈ తీర్పు రాసింది జస్టిస్ పావెల్. పదేళ్ల కింద ఎల్‌డ్రిడ్జ్ కేసులో, గెలిస్తే బకాయి వస్తుంది కదా అని రాసిన న్యాయమూర్తే ఆయన. ఎల్‌డ్రిడ్జ్ తీర్పును ఇందులో తిరగదోడలేదు, ఆ సూత్రం ఇప్పటికీ అమల్లో ఉంది. న్యూయార్క్‌లో దావా పరిధిలోకి వచ్చిన 50 వేల మందికి పైగా మనుషులకు, గడువు దాటినవారితో సహా, తమ ఫైలును మళ్లీ తెరిపించుకునే వీలు కలిగింది.